కోట చూసి వచ్చేస్తే విజయనగరం చూసినట్టు కాదు

(విశాఖపట్నంలో ఒక గ్రంథాలయంలో సాయంత్రం జరిగిన సభలో చేసిన ప్రసంగం ఇది. ఆరోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు దయచేసి ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి. పిల్లలను కూడా తీసుకురండి.

ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం రాజుల నగరాల గురించి. రాజుల నగరం అనగానే మనకు ఏవి గుర్తొస్తాయి? మైసూరు, జైపూరు, ఉదయపూర్. సెలవులు వస్తున్నాయంటే ముందే రైలు టికెట్లు తీసుకుంటాం. తీసుకోవాలి కూడా. ఆదివారం సాయంత్రం మైసూరు ప్యాలెస్ దీపాలతో వెలుగుతుంటే చూసి తీరాలి. సవాయి జైసింగు 1727లో పునాది వేసిన జైపూరు వీధుల్లో నడిచి తీరాలి. నేను వద్దనడం లేదు. కానీ ఒక్క ప్రశ్న అడుగుతాను. ఈ హాల్లో విజయనగరం వెళ్ళనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎవరూ లేరు. పెళ్ళికి వెళ్ళి ఉంటారు, ఉద్యోగం పని మీద వెళ్ళి ఉంటారు, పిల్లను చూడడానికి వెళ్ళి ఉంటారు. సరే, విజయనగరాన్ని చూడడానికే వెళ్ళినవాళ్ళు ఎందరు? చేతులెత్తండి. ఆ మూల ఇద్దరు, ఇక్కడ ఒకరు. అంతేనా?

రైలెక్కితే ఇంచుమించు గంట ప్రయాణం. మన ఇంటికి చుట్టాలు వస్తే బీచ్ రోడ్డు చూపిస్తాం, కైలాసగిరి ఎక్కిస్తాం, సింహాచలం తీసుకెళ్తాం, ఇంకో రోజు ఉంటామంటే అరకు, బొర్రా గుహలు. విజయనగరం పేరు ఎత్తం. ఎందుకు ఎత్తం? అక్కడ చూడడానికి ఏముందండీ, ఒక కోట ఉంది, అంతే కదా అంటారు. ఆ 'అంతే కదా' మీదే ఇవాళ నా ప్రసంగమంతా.

కోటతోనే మొదలుపెడతాను. పూసపాటి రాజులు మొదట కుమిలిలో ఉండేవారు. అక్కడి నుంచి రాజధానిని మార్చి 1713లో ఈ కోటకు పునాది వేశారు. ముహూర్తంలో ఐదు విజయాలు కలిశాయని స్థానికులు చెబుతారు. రాజు పేరు విజయరామరాజు, సంవత్సరం విజయ, పండుగ విజయదశమి, వారం జయవారం అని పిలుచుకునే మంగళవారం, ఊరు విజయనగరం. ఇందులో ఎంత చరిత్ర, ఎంత జ్ఞాపకం అనేది వేరే సంగతి. సంవత్సరం వరకు మీరే లెక్క వేసి చూసుకోవచ్చు. మొన్న 2013లో విజయ నామ సంవత్సరం వచ్చింది కదా? అరవై, అరవై చొప్పున వెనక్కి వెళ్ళండి. 1953, 1893, 1833, 1773, 1713. సరిపోయిందా? సరిపోయింది.

నలుచదరపు కోట, నాలుగు మూలలా బురుజులు, తూర్పున పెద్ద సింహద్వారం. ఆ ద్వారం కింద ఆగి ఒకసారి తలెత్తి చూడండి. అక్కడ నగారా మోగేది. లోపలికి వెళ్ళాక మాత్రం బంగారు సింహాసనం కోసం వెతకకండి. మైసూరులో లాగా టికెట్టు కొని, చెప్పులు విప్పి, దర్బారు హాలు చూసే ఏర్పాటు ఇక్కడ ఉండదు. మరి ఏముంటుంది? కళాశాలలు ఉంటాయి. పుస్తకాలు గుండెలకు హత్తుకుని అమ్మాయిలు తరగతికి పరుగెడుతూ ఉంటారు. 1958లో ఆ పూసపాటి వంశానికే చెందిన పి.వి.జి. రాజు గారు మాన్సాస్ అనే ధర్మసంస్థను నెలకొల్పి కోటను చదువులకు అప్పగించారు. చాలామంది సందర్శకులు ఇక్కడే నిరాశపడతారు. రాజుల కోట అన్నారు, వచ్చి చూస్తే కాలేజీ ఉంది అంటారు. అయ్యా, మనం చూడవలసినది సరిగ్గా అదే! రాజుల పిల్లలు తిరిగిన చోట ఇవాళ బడి పంతుళ్ళ పిల్లలు, కూలివాళ్ళ పిల్లలు చదువుకుంటున్నారు. కోటకు అంతకంటే గౌరవం ఏముంటుంది? ఏ అద్దాల మేడలోనో తాళం వేసి పెడితే వస్తుందా ఆ గౌరవం?

రాజులందరూ పుణ్యాత్ములని చెప్పడానికి నేను రాలేదు. ఆ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1757 జనవరి 24న బొబ్బిలి కోట ఎలా పడిందో మీ అందరికీ తెలుసు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకుని పొరుగు కోట మీదికి వెళ్ళింది విజయనగరం రాజే. ఆ కోట లోపల ఆడవాళ్ళకు, పిల్లలకు ఏమి జరిగిందో తలచుకుంటే ఇవాళ్టికీ గుండె బరువెక్కుతుంది. మూడు రాత్రులు తిరగకుండానే తాండ్ర పాపారాయుడు గుడారంలో చొరబడి విజయరామరాజును చంపాడు. గెలిచినవాడూ మిగల్లేదు.

ఆ యుద్ధంలోంచే విజయనగరం తన దేవతను తెచ్చుకుంది. పైడితల్లి అమ్మవారు ఆ రాజు చెల్లెలని, యుద్ధం వద్దని అన్నను వేడుకుందని, అన్న మరణవార్త విని పెద్దచెరువులో ప్రాణం విడిచిందని, తరవాత కలలో కనిపించి తన విగ్రహం చెరువులో ఉందని చెప్పిందని జనం చెప్పుకుంటారు. ఆలోచించండి. గెలుపు తెచ్చిన రాజుకు ఈ ఊరు పండుగ చేయడం లేదు, యుద్ధం వద్దన్న ఆడపడుచుకు చేస్తోంది. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. చింతమాను, దాదాపు అరవై అడుగుల పొడవుది. దాని కొసన చిన్న ఆసనం, ఆ ఆసనంలో పూజారి. కింద లక్షల జనం. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల అనే ఊరేగింపులు నడుస్తాయి. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. రాజకుటుంబం వాళ్ళు కోట బురుజు మీద నిలబడి చూస్తారు. మాను కొస వంగి లేస్తుంటే, జనం అరటిపళ్ళు విసురుతుంటే, ఆ వీధిలో మీకు ఊపిరాడదు. అయినా ఒక్కసారి అక్కడ నిలబడాలి. వయసు మళ్ళినవాళ్ళు ఉదయమే చేరుకుని ఏదైనా మేడ మీద చోటు చూసుకోండి, జనంలోకి దిగవద్దు.

తరవాత సంగతి మన పక్కనే జరిగింది. 1794 జూలై 10న, భీమిలికి దగ్గరలో ఉన్న పద్మనాభంలో. ఈస్టిండియా కంపెనీ పేష్కషు, అంటే కప్పం, బాకీ కట్టమంది, రాజ్యం వదిలి వెళ్ళమంది. చిన విజయరామరాజు వెళ్ళనన్నారు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనలు వచ్చాయి. రాజు, ఆయన వెంట ఉన్న దొరలు ఆ కొండ కింద ప్రాణాలు విడిచారు. పద్మనాభం ఇవాళ విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. మన పిల్లలకు ప్లాసీ తెలుసు, పానిపట్టు తెలుసు. పద్మనాభం ఎందుకు తెలియదు? తప్పు పిల్లలదా, మనదా?

ఆ యుద్ధంతో వాళ్ళ రాజ్యం పోయి జమీందారీ మిగిలింది. కత్తి పట్టే పని పోయింది. ఇక్కడి నుంచే విజయనగరం కథ నాకు ఇష్టమైన మలుపు తిరుగుతుంది.

బడులు కట్టిన రాజులు

ఈ సంవత్సరాలు వినండి. 1857లో ఇంగ్లీషు బడి. అదే 1879లో మహారాజా కళాశాల అయింది. 1860లో సంస్కృత పాఠశాల. 1919లో సంగీత పాఠశాల. జర్మన్ పండితుడు మాక్స్ ముల్లర్ సాయణాచార్యుల వ్యాఖ్యతో కూడిన ఋగ్వేదాన్ని 1890లలో రెండోసారి అచ్చు వేసినప్పుడు డబ్బు ఇచ్చింది ఎవరనుకున్నారు? విజయనగరం రాజు ఆనంద గజపతి. ఇంగ్లండులో అచ్చయిన వేదం వెనక మన ఉత్తరాంధ్ర ధాన్యం అమ్మిన డబ్బుంది. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను. ఆ డబ్బు రాజుగారి చెమట కాదు. శిస్తు కట్టిన రైతు చెమట. గజపతినగరం, శృంగవరపుకోట, చీపురుపల్లి పొలాల్లో నడుము వంచినవాళ్ళది. రాజు గొప్పతనం ఎక్కడుందంటే, ఆ డబ్బును విలాసాలకే తగలేయకుండా కొంతైనా చదువుకు పెట్టాడు. అంతవరకే పొగుడుదాం. అంతవరకు మాత్రం మనసారా పొగుడుదాం.

సంగీత పాఠశాల దగ్గర కాసేపు ఆగుతాను, మీరు తొందరపడకండి.

సంస్థానంలో ఉద్యోగం చేసే చాగంటి జోగారావు గారికి గంగరాజు అనే కొడుకు ఉండేవాడు. చూపు లేదు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న కోరిక అప్పటి రాజు విజయరామ గజపతి దాకా వెళ్ళిందని, ఆయన ఒక్క పిల్లవాడికి గురువును పెట్టడానికి బదులు ఏకంగా పాఠశాలే పెట్టారని చెబుతారు. 1919లో అది మొదలైంది. మొదటి అధ్యక్షులు ఎవరు? ఆదిభట్ల నారాయణదాసు. అజ్జాడలో పుట్టినవారు, హరికథా పితామహుడు. కాలికి గజ్జె కట్టి, చేతిలో చిరతలు పట్టి తెల్లవార్లూ కథ చెబితే జనం కదిలేవారు కాదు. అక్కడితో ఆగలేదాయన. పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయతులను సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి తెచ్చారు. అలాంటి మనిషి సంగీత పాఠశాలలో కుర్చీ వేసుకుని కూర్చుంటే పిల్లలకు ఏమి దొరికి ఉంటుందో ఊహించండి.

వయొలిన్ చెప్పడానికి వచ్చింది ద్వారం వెంకటస్వామి నాయుడు. మన విశాఖలో పెరిగినవారు. చిన్నప్పటి నుంచీ చూపు మందం, బడి చదువు సాగలేదు. అన్నగారి దగ్గరే వయొలిన్ పట్టారు. విజయనగరానికి విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయించింది విని ఆచార్యుడిగా నియమించారట. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు. 1936లో నారాయణదాసు గారి తరవాత ఆయనే అధ్యక్షులయ్యారు. పక్కవాద్యమని పక్కన కూర్చోబెట్టే వయొలిన్‌ను వేదిక మధ్యకు తెచ్చినవాళ్ళలో ఆయన ముందు వరసలో ఉంటారు.

ఆ పాఠశాలకు ఒక కుర్రవాడు వచ్చాడు. తండ్రి లేడు. చేతిలో ఉంగరం అమ్ముకుని వచ్చాడు. వచ్చేసరికి వేసవి సెలవులు, పాఠశాల మూసి ఉంది. ద్వారం వారు జాలిపడి అక్కడే ఉండమన్నారు. తరవాత ఆ నీడ కూడా పోయింది. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంటికి పిలిచి పాఠం చెప్పారు. పాఠం అయితే దొరికింది, తిండి? జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకున్నాడు. విజయనగరం ఇల్లాళ్ళు ఆ జోలెలో అన్నం పెట్టారు. ఆ కుర్రవాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. మనం ఇవాళ ఘంటసాల గొంతు వింటున్నామంటే ఆ వీధుల్లో పేరు తెలియని ఆ తల్లులు పెట్టిన ముద్ద ఉంది అందులో. రాజు పాఠశాల కట్టాడు. ఊరు అన్నం పెట్టింది. రెండూ ఉంటేనే విద్య నిలుస్తుంది. పి. సుశీల గారు అదే ఊళ్ళో పుట్టి, అదే పాఠశాలలో నేర్చుకున్నారు.

ఆ పాఠశాల ఇవాళ కూడా నడుస్తోంది. అందుకే ఒక సలహా ఇస్తున్నాను, రాసుకోండి. విజయనగరం ఆదివారం వెళ్ళకండి. మనకు సెలవు ఆదివారమే కదా అంటారు, నిజమే. కానీ ఆదివారం వెళితే తాళాలు కనిపిస్తాయి. పనిదినం చూసుకుని, ఒక పూట సెలవు పెట్టి వెళ్ళండి. కార్యాలయంలో అనుమతి అడిగి వరండాలో నిశ్శబ్దంగా నిలబడండి. ఒక గదిలో మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే తొలి పాఠాలు, పాడుతుంటారు. రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి, రాగానే ఒక గొంతు వెనకబడుతుంది, గురువు తాళం ఆపి మళ్ళీ మొదటి నుంచి పాడమంటారు. పక్క గదిలో మృదంగం. దూరంగా నాదస్వరం ఊది ఊది ఎవరో పిల్లవాడు ఊపిరి తిప్పుకుంటాడు. నూరేళ్ళు దాటినా ఆ పాఠం ఆగలేదు. మైసూరు దీపాలంత అందం ఇందులో లేదా? ఉందనే నా నమ్మకం. ఫోటోకు దొరకదు, అంతే.

గురజాడ ఊరు

మన సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది. అందరం వెళ్తాం, నాటకాలు చూస్తాం. గురజాడ అప్పారావు గారి ఇల్లు చూసినవాళ్ళు ఎందరు? విజయనగరంలో ఆ ఇల్లు స్మారకంగా నిలిచి ఉంది. వెళ్ళండి. ఆ తరవాత కోటకు దగ్గరలోనే ఉన్న బొంకులదిబ్బకు వెళ్ళండి. కన్యాశుల్కం మొదటి రంగం తెర లేచేది అక్కడే. నాటకంలో చదివిన చోట నిజంగా నిలబడడం ఎంత సంతోషమో, అక్కడికి వెళితేనే తెలుస్తుంది. ఆ చోటికి వెళ్ళేముందు ఆ పుస్తకం మళ్ళీ ఒకసారి చదవండి. పిల్లలకు మీరే పైకి చదివి వినిపించండి.

ఆ నాటకం వెనక ఒక జాబితా ఉంది. దాని గురించి చెప్పకుండా నేను దిగను. మన ప్రాంతంలో శుల్కం పుచ్చుకుని ఆడపిల్లలను ముసలివాళ్ళకు కట్టబెట్టే ఆచారం ఎంతవరకు పాకిందో తెలుసుకుందామని ఆనంద గజపతి లెక్క తీయించారు. మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో, మూడేళ్ళ కాలానికి. ఏ జిల్లాలో అనుకున్నారు? విశాఖపట్నం జిల్లాలో. విజయనగరం జిల్లా 1979లో కదా వచ్చింది, అప్పటికి అంతా మనదే. లెక్కకు వచ్చిన పెళ్ళిళ్ళు 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళవాళ్ళు 6. ఏడాది పిల్లలు ముగ్గురు.

ఏడాది పిల్లలు. నడక కూడా సరిగా రాని పిల్లలు.

గురజాడ తన పుస్తకం ముందుమాటలో ఈ అంకెలు ఇచ్చారు. 1892లో విజయనగరంలోనే ఆ నాటకం మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది, ఆనంద గజపతికే అంకితం. చూడండి, ఒక సంస్థానాధీశుడు తన ప్రాంతంలోని సిగ్గుపడే విషయాన్ని లెక్క కట్టించాడు, ఒక రచయిత ఆ లెక్కకు గొంతు ఇచ్చాడు. తమ పొగడ్తలు రాయించుకున్న రాజులు దేశమంతా ఉన్నారు. తమ ఊరి తప్పును లెక్కపెట్టించినవాళ్ళు ఎందరున్నారు? ఏ రాజభవనం ముందు నిలబడినా ఈ ప్రశ్న వేసుకోండి.

సమయం అవుతోందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. ఇంకో రెండు సంగతులు చెప్పి ముగిస్తాను.

రెండో రోజు వీలుంటే బొబ్బిలి వెళ్ళండి. కోట, 1891లో కట్టిన యుద్ధ స్మారక స్తంభం చూడండి. కానీ ఎక్కువ సమయం గొల్లపల్లిలో ఉండండి. అక్కడ వీణలు చేస్తారు. పనస దుంగ తెచ్చి, కుండ, దండి, తల అన్నీ అతుకు లేకుండా ఒకే దుంగలో తొలుస్తారు. ఏకాండి వీణ అంటారు దాన్ని. చేసే మనిషి ఉలి ఆపి మధ్యమధ్య కుండను వేలితో తట్టి వింటాడు. ఎంత మందం ఉంచాలో అతనికి చెవి చెబుతుంది, కొలబద్ద కాదు. తరవాత నల్లటి మైనం పరిచి ఇరవైనాలుగు మెట్లు ఒక్కొక్కటే నిలబెడతాడు. ఒక్క మెట్టు వెంట్రుకవాసి జరిగితే స్వరం తప్పుతుంది. ధర అడిగి బేరమాడకండి. ఇంట్లో పెట్టుకునే చిన్న వీణ బొమ్మలు కూడా చేస్తారు, మన ఇళ్ళలో సన్మానాలకు శాలువలు ఇచ్చే బదులు అవి ఇవ్వవచ్చు. బొబ్బిలి పనివాళ్ళు చేసిన వీణ మీద విజయనగరం పాఠశాలలో పిల్లలు నేర్చుకోవడం, 1757 తెలిసినవాళ్ళకు ఎంత ఊరట కలిగించే విషయమో మీరే అనుకోండి.

రామతీర్థం గురించి అడుగుతున్నారు ఇక్కడ. అవునమ్మా, విజయనగరానికి పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. రాముడి గుడితో పాటు గురుభక్తులకొండ మీద బౌద్ధుల కట్టడాలు ఉన్నాయి. అది రాజులకంటే ఎంతో పాతది, దానికి ఒక పూట విడిగా పెట్టుకోవాలి. ఒకే రోజులో అన్నీ ఇరికించకండి.

ఒక్క రోజే వెళ్ళేవాళ్ళు ఇలా చేయండి. పొద్దున్నే రైలెక్కి తొమ్మిదిన్నరకల్లా కోట ముందుకు చేరండి. తరవాత సంగీత కళాశాల. ఎండ ముదిరేలోగా మూడు లాంతర్ల కూడలి దగ్గర చదురుగుడి అని పిలిచే గుడిలో పైడితల్లి దర్శనం చేసుకోండి. భోజనం అయ్యాక గురజాడ ఇల్లు, బొంకులదిబ్బ. కారులో వెళ్ళినవాళ్ళు తిరుగు ప్రయాణంలో పద్మనాభం మీదుగా రండి. అనంత పద్మనాభస్వామి కొండకు మెట్లు చాలా ఉన్నాయి, చీకటి పడ్డాక దిగడం కష్టం, కాబట్టి నాలుగు గంటలకల్లా అక్కడ ఉండాలి. ఎక్కలేనివాళ్ళు కిందనే ఆగండి. అసలు యుద్ధం జరిగింది కిందనే కదా. పిల్లలకు అక్కడే 1794 సంగతి చెప్పండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను. ముందు ఆ పిల్లవాడు చెయ్యి ఎత్తాడు, అతనికి మైకు ఇవ్వండి.